అడవి దాటని బండి

"తాళం ఇయ్యి అన్నా."

"ఇయ్య."

"నా బండి తాళం నీ జేబుల ఎందుకు?"

"ఉంటే ఏమైతది? జేబు చిరుగుతదా?"

వీరేందర్ ఉప్మా తింటున్నాడు. నిన్న ఏమీ జరగనట్టు, ఒక్కొక్క పల్లీ ఏరుకుని మరీ తింటున్నాడు. చొక్కా జేబులోంచి తాళంచెవి సగం బయటికి కనిపిస్తూనే ఉంది. దాచి ఉంటే వెతుక్కోవచ్చు, దొరక్కపోతే ఏడవనన్నా ఏడవచ్చు. కళ్ళెదురుగా పెట్టుకుని కూర్చున్నవాడితో ఎవరైనా ఏం చేస్తారు?

రమకు ఒళ్ళు మండిపోయింది.

"సోమవారం దాంక నాకు లీవుంది. ఇప్పుడు బయలెల్లినా పోయి రావచ్చు. అంతర్వేది దాంక కాకున్నా రాజమండ్రి దాంకన్న పోత."

"నిన్న పోయినవ్ గదా. సాలలేదా?"

"యాడ పోనిచ్చిన్రు? తాడ్వాయి అడవి దాటకముందే పట్టుకొచ్చిన్రు, మేకపిల్లను పట్టుకొచ్చినట్టు."

"మేకపిల్లనైతే కట్టేస్తే ఊకుంటది," అంటూ వీరేందర్ చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. రమ నిన్న తెల్లవారుతూనే రచ్చకు బయలుదేరింది. ఇవాళ చూస్తే ఇంట్లో ముందుగది కూడా దాటలేకపోతోంది. దారికోసం సర్దుకున్న సంచి ఇంకా గోడ పక్కనే ఉంది. ఆమె దాన్ని విప్పలేదు. విప్పితే ఓడిపోయినట్టే లెక్క.

ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి. ఈ కంపెనీ క్వార్టరు ఆమె పేరు మీదే ఉంది. తండ్రి ఎల్లేశం మోకాళ్ళు అరిగిపోయి అన్‌ఫిట్ అయినప్పుడు ఆయన వారసురాలిగా బొగ్గుబాయి మీద నౌకరీ వచ్చింది ఆమెకే. బండి కొన్నదీ ఆమే. అయినా సరే, ఈ ఇంట్లో ఆమె మాట కూరలో కరివేపాకు. వాసనకు పనికొస్తుంది, తినేటప్పుడు తీసి పక్కన పెడతారు.

అడిగింది కూడా పెద్ద కోరికేం కాదు. గోదావరి ఒడ్డున పుట్టి పెరిగింది. బ్రిడ్జి మీదుగా మంచిర్యాలకు ఎన్నిసార్లు పోయిందో లెక్కలేదు. పోయిన ప్రతిసారీ కింద నీళ్ళను చూసి, ఇవి పోయి పోయి సముద్రంలో ఎలా కలుస్తాయో అనుకునేది. నది వెంట, బండి మీద, ఒక్కతే పోయి చూసి రావాలనుకుంది. అంతే. ఇంకేదన్నా కారణం చెప్పమంటే ఆమె దగ్గర లేదు. అసలు అనుమానమంతా అక్కడే వచ్చింది అందరికీ. ఏ పనీ లేకుండా ఎవరైనా అంత దూరం పోతారా?

వంటింటి గడప దగ్గర తల్లి కనకవ్వ పుంటికూర తెంపుతోంది. నిన్న రమ కారు దిగిన దగ్గర్నుంచి ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. కూతురితోనే కాదు, ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం పెట్టింది, గిన్నెలు కడిగింది, పడుకుంది, లేచింది. ఆ ఊరకుండడం కన్నా నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

"అమ్మా, నువ్వన్న చెప్పు అన్నకు."

కనకవ్వ ఒక ముదురు కాడ తీసి పక్కకు పడేసింది.

అంతలో గేటు చప్పుడైంది. పక్క క్వార్టరు లస్మవ్వ తల లోపలికి పెట్టింది.

"కనకవ్వా, బిడ్డ దొరికిందటగా?"

రమ పళ్ళు కొరుక్కుంది. "నేనేం తప్పిపోలే పెద్దమ్మా. ఊరికి పోయిన."

"అవు బిడ్డా, గదే. దొరికినవ్, గంతే సాలు." లస్మవ్వ ఆమెను కాళ్ళ నుంచి తల దాకా ఒకసారి చూసింది. "ఒక్కదానివే పోయినవా? ఇంకెవలన్న ఉండెనా?"

"ఒక్కదాన్నే."

"గట్లనే చెప్పు. ఎవలడిగినా గట్లనే చెప్పు బిడ్డా," అని ధైర్యం చెప్పి వెళ్ళిపోయింది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు గానీ, ఆ మాట కట్టినవాళ్ళు ఈ కాలనీలో ఉండి ఉండరు. సాయంత్రానికి ఆ 'ఇంకెవలో' అనేవాడికి ఒక ఊరు, ఒక కులం, ఒక ఎర్రచొక్కా కూడా వచ్చేస్తాయి. రమకు తెలుసు. చెప్పుకుని ఏం లాభం?

ఆమె విసురుగా వరండాలోకి వచ్చింది. ఎల్లేశం మంచం మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నాడు. కూతురిని చూసి, కూర్చోవడానికి కాస్త జరిగాడు. రమ కూర్చోలేదు.

"బాపూ, నీకు చెప్పే పోయిన్నా లేదా?"

"చెప్పినవ్."

"నువ్వు పొమ్మన్నవా లేదా?"

"పొమ్మన్న."

"మరి ఊరునంత ఎందుకు లేపినవ్?"

ఎల్లేశం మోకాలిచిప్ప చుట్టూ బొటనవేలు తిప్పుతూ ఉండిపోయాడు.

జరిగింది ఇది. ఊరు దాటినప్పుడల్లా ఫోన్ చెయ్యాలని తండ్రీకూతుళ్ళ ఒప్పందం. మంథని నుంచి చేసింది. కాటారం నుంచి చేసింది. భూపాలపల్లి నుంచి చేసి, ఇడ్లీ తిన్నానని కూడా చెప్పింది. తాడ్వాయి అడవిలో సిగ్నల్ లేదు. సిగ్నల్ లేకపోతే లోకంలో ఎవరైనా సిగ్నల్ లేదనుకుంటారు. ఎల్లేశం అలా అనుకోలేదు. ముప్పై ఏళ్ళు బొగ్గుబాయిలో దిగి ఎక్కిన మనిషి. షిఫ్టు ముగిశాక పైకి రావలసినవాడు రాకపోతే ఏం చెయ్యాలో ఆయన ఒంటికే తెలుసు, ఆలోచనతో పని లేదు. లేచాడు. బాత్రూం దాకా పోవడానికి గోడ పట్టుకునేవాడు, కర్ర లేకుండా నాలుగు వరసల క్వార్టర్లు దాటి యూనియన్ నాయకుడు రఘుపతి తలుపు కొట్టాడు. "నా బిడ్డ పైకి రాలే," అన్నాడు.

అంతే. రాత్రి షిఫ్టు చేసి నిద్రపోతున్నవాళ్ళు బనియన్ల మీదే పరుగెత్తుకొచ్చారు. ఎవరు, ఏమిటి అని అడిగినవాడు లేడు. ఒకతను మిట్టమధ్యాహ్నం టార్చిలైటు పట్టుకొచ్చాడు. రఘుపతి చుట్టం ఒకాయన పోలీసు. ఆయనకు ఫోన్ పోయింది, ఆయన నుంచి అడవి మధ్యలో ఉన్న ఠాణాకు పోయింది. వీరేందర్, రఘుపతి కారెక్కారు. బాయిలో మనిషి చిక్కుకుంటే ఎంత వేగంగా పని జరుగుతుందో, అంత వేగంగానూ జరిగింది అంతా. చిక్కుకున్న మనిషి మాత్రం అప్పటికి రోడ్డు పక్కన బండి ఆపి నీళ్ళు తాగుతోంది.

"సిగ్నల్ లేదు బాపూ. అడవి అది."

"నాకేమెరుక? నువ్వు పడ్డవో, బండి మీద ఏదన్న వచ్చి పడ్డదో."

"జర ఆగితే ఏం పోతుండె? అడవి దాటంగనే నేనే చేద్దును."

"ఎంతసేపు ఆగాలె?"

"ఏమో. ఒక గంట. రెండు గంటలు."

ఎల్లేశం నూనె సీసాకు మూత బిగించాడు. "నువ్వు ల్యాంపు రూంల చేస్తున్నవ్ గదా. షిఫ్టు అయిపోయింది. అందరు ఎక్కిన్రు. ఒక్క ల్యాంపు రాలే. ఎంతసేపు ఆగుతవ్?"

రోజూ రమ చేసే పని అదే. బాయిలోకి దిగేవాళ్ళు తమ నంబరు బిళ్ళ ఇచ్చి, టోపీకి తగిలించుకునే ల్యాంపు తీసుకుంటారు. పైకొచ్చి ల్యాంపు ఇచ్చి బిళ్ళ తీసుకుంటారు. ల్యాంపులు పెట్టే గూళ్ళలో ఒక్కటి ఖాళీగా మిగిలితే చాలు, ఇక ఆగడమన్న మాట లేదు. వెంటనే లోపలికి ఫోన్ చెయ్యాలి.

"ఆగ," అంది చివరికి, గొణిగినట్టు.

"ఎనక నిమ్మలంగ వచ్చినోడు, నా ఇజ్జత్ తీసినవని నీతోని కొట్లాడుతడా?"

"అది బాయి బాపూ. ఇది రోడ్డు."

"బాయిల జోడి లేకుంట ఎవ్వన్నీ పనికి పంపరు. ఇద్దరు పోవాలె. ఒకనికి ఏమన్నయితే ఇంకొకడు వచ్చి చెప్తడు. నువ్వు ఒక్కదాన్నే పోతనంటే నేను సరే అన్న. నా పానం ఒప్పకున్నా సరే అన్న. ఇంకేం చెయ్యమంటవ్ నన్ను?"

తిట్టేవాడితో కొట్లాడవచ్చు. కొట్టేవాడితోనూ కొట్లాడవచ్చు. ఇలా మోకాళ్ళు పట్టుకుని అడిగేవాడితో ఏం కొట్లాడతారు?

"మల్ల పోతే? మల్ల సిగ్నల్ పోతే ఏం చేస్తవ్?"

కూతురి మనసు నిలపడానికైనా అబద్ధం చెప్పడం ఎల్లేశానికి చేతకాదు.

"మల్ల గట్లనే చేస్త బిడ్డా."

ఓపెన్‌కాస్ట్ గని వైపు నుంచి బ్లాస్టింగ్ చప్పుడొచ్చి కిటికీ రెక్కలు అదిరాయి. ఇద్దరిలో ఎవరూ అటు చూడలేదు. రమ చెప్పులేసుకుని ఇంటి పక్కకు పోయింది.

బండి అక్కడే ఉంది. నీలం రంగంతా ఎర్రదుమ్ము కొట్టుకుపోయి ఉంది. తుడవడానికి గుడ్డ తీసి, తుడవకుండా చేతిలోనే పట్టుకుని నిలబడింది.

ఇంట్లో ఎవరికీ తెలియని సంగతి ఒకటి ఉంది. రమ ఎవరికీ చెప్పలేదు. అరుపుల్లో పడి తనకు తాను కూడా చెప్పుకోవడం లేదు.

అడవిలోకి దిగినప్పుడు మొదట్లో హాయిగానే ఉంది. హెల్మెట్ లోపల పాట కూడా పాడుకుంది. తర్వాత రోడ్డు మీద మనిషన్నవాడు కనిపించడం మానేశాడు. బస్సు లేదు, లారీ లేదు, ఎంత పోయినా అటూ ఇటూ చెట్లే. ఒక మలుపులో ఇసుక మీద వెనక చక్రం జారింది. పడలేదు, ఆపుకుంది. ఆపుకున్నాక బండిని రోడ్డు పక్కకు తీసింది. నీళ్ళు తాగి, ఫోను తీసి చూస్తే ఒక్క గీతా లేదు. పుట్టిన దగ్గర్నుంచి ఆమె మనిషి అలికిడి లేని చోట ఎప్పుడూ ఉండలేదు. ఈ కాలనీలో ఒక ఇంట్లో దగ్గితే పక్కింటివాళ్ళు నీళ్ళిస్తారు. అక్కడ గొంతు చించుకున్నా పలికేవాడు లేడు. మళ్ళీ బండి ఎక్కింది గానీ, బండి ముందుకు పోతుంటే మనసు వెనక్కి పోతోంది.

అందుకే, ఠాణా ముందు కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టి "రమంటే నువ్వేనా అమ్మా?" అని అడిగినప్పుడు ఆమెకు కోపం రాలేదు. హమ్మయ్య అనిపించింది.

ఆయన మంచి మనిషి. టీ తాగించాడు. తన ఫోన్‌తో ఇంటికి కలిపిచ్చి ఎల్లేశంతో మాట్లాడించాడు. ఆ తర్వాత తనే ఫోన్ తీసుకుని ఇంట్లోవాళ్ళకు రెండు మాటలు చెప్పి పెట్టేశాడు. "మీ నాయన ఫికర్ పడ్డడు గంతే. మాట్లాడినవ్ గదా, ఇగ పోతే పో తల్లీ. పొద్దుండంగనే ఊరు చేరు," అన్నాడు. అన్న కారులో వస్తున్నాడని అప్పటికే తెలిసింది. రానీ, వచ్చి ఖాళీ బెంచీని చూసుకుని పోతాడని అనుకుని బయలుదేరవచ్చు. అడవి ఇంకా మిగిలే ఉంది ముందు. రమ బెంచీ మీద కూర్చుంది. అన్న వచ్చేదాకా కూర్చునే ఉంది. అతను కారు దిగగానే అంతెత్తున లేచి పోట్లాడింది. పోట్లాడుతూనే తాళంచెవి అతని చేతిలో పెట్టింది.

ఆ తర్వాత అతను బండి మీద, ఆమె కారు వెనక సీటులో. దారి పొడవునా రఘుపతి తాను చేసిన సమ్మెల గురించి చెబుతూనే ఉన్నాడు. ఆమె కిటికీలోంచి తాను పొద్దున దాటి వచ్చిన ఊళ్ళన్నిటినీ ఒక్కొక్కటిగా మళ్ళీ చూసింది.

నిన్నటి నుంచి ఇంట్లో అరుస్తున్న అరుపులన్నీ ఆ బెంచీ మీదివే. అరుస్తున్నంతసేపూ బెంచీ గుర్తుకు రాదు.

"రమా, జర ఇటు రా." దండెం దగ్గర బట్టలు ఆరేస్తున్న వదిన దీప చెయ్యి ఊపింది. చుట్టూ చూసి, కొంగులోంచి ఫోన్ తీసింది. "నేను చూపించిన్నని మీ అన్నతోని అనకు."

వాట్సాప్‌లో వీరేందర్ నిన్న సాయంత్రం పెట్టిన స్టేటస్. మంథని దగ్గర గోదావరి ఒడ్డు. పొద్దు వాలుతోంది. రమ బండి, బండి మీద చెయ్యేసి వీరేందర్. కళ్ళకు నల్లద్దాలు కూడా ఉన్నాయి. కింద రాసి ఉంది: 'ఒక్కడినే. లాంగ్ డ్రైవ్. దిల్ ఖుష్.'

రమ దాన్ని రెండుసార్లు చదివింది.

"పొద్దటి సంది కూనిరాగాలు తీస్తుండు," అంది దీప. "లగ్గమైన కాడి నుంచి గా మనిషిని గింత సంతోషంగ నేనెన్నడు చూడలే. నాకే మనసున పట్టలే. కోపం జెయ్యాల్నో, ఇంకోపారి పంపాల్నో."

రమ ఆ మాట పూర్తిగా వినలేదు. గుడ్డ బండి సీటు మీద విసిరేసి ఇంట్లోకి నడిచింది.

లోపల అప్పటికే రఘుపతి వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎల్లేశం లోపలికి వచ్చి గోడకు ఆనుకుని స్టూలు మీద కూర్చున్నాడు. వీరేందర్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. రఘుపతి చేతిలో టీ గ్లాసు, ముఖంలో ఒప్పందం కుదుర్చుకొచ్చినవాడి కళ.

"రా రమా. కూసో. మీ బాపు నేను మాట్లాడుకున్నం. పిల్ల ముచ్చటపడ్డది, ఎన్నడు ఏం అడగలే, పోనిద్దామనుకున్నం."

రమకు ఒక్క క్షణం ఊపిరి ఆడింది. "నిజంగనా కాకా?"

"అబద్ధమెందుకాడుత? నువ్వు ముంగట బండి మీద పోతవ్. వీరేందర్ ఎనకనే కారు తీసుకొని వస్తడు. ఎక్కువ దూరం కాదు, కంటికి కనవడేటంత దూరంల."

"కారా?"

"నేను గూడ వస్త. ఎట్లన్న భద్రాచలం మీదికెల్లే పోవుడు గదా. రామయ్యను చూసినట్టు గూడ ఐతది."

"గట్లైతే నేను గూడ వస్త," అంది దీప, వెనకే వచ్చి గుమ్మంలో నిలబడి. "లగ్గానికి ముంగట మొక్కిన మొక్కు, ఇంకా తీర్చనే లేదు."

"ముంగట సీట్ల కాళ్ళు సాపుకునే జాగ ఉంటే నేను..." అన్నాడు ఎల్లేశం నెమ్మదిగా.

"ఎందుకుండది ఎల్లేశమన్నా? నీకే ముంగట సీటు."

రమ చూస్తుండగానే కారు నిండిపోయింది. పులిహోర కట్టుకుపోదామా, దారిలో తిందామా అన్న చర్చ కూడా మొదలైంది. ఎవరి ముఖం చూసినా సంతోషమే. ఇంత మంది సంతోషంగా ఉంటే తానొక్కతే దయ్యం పట్టినదానిలా నిలబడి ఉండాల్సి వచ్చినందుకు రమకు ఏడుపొచ్చినంత పనైంది.

"నేను ఒక్కదాన్నే పోత అన్న కాకా. ఒక్కదాన్నే."

"ఒక్కదానివే గదా బిడ్డా," అన్నాడు రఘుపతి అర్థం కాక. "బండి మీద ఇంకెవలు కూసుంటరు?"

"అద్దు. నాకేం అద్దు. మీరే పోయి రాండ్రి భద్రాచలం."

"చూసినవా కాకా?" వీరేందర్ అందుకున్నాడు. "గింత మంది దీని కోసం ఇంత చేస్తుంటే విలువ లేదు. మనిషికి గింత మొండితనం పనికిరాదు. ఆడపిల్ల ఒక్కతే రోడ్డు మీద..."

"నీ స్టేటస్ చూసిన."

వీరేందర్ ఆగిపోయాడు. దీప పైకప్పు వంక చూసింది.

"ఒక్కడినే. దిల్ ఖుష్." రమ ఒక్కో మాటా విడదీసి పలికింది. "నా బండి, నా లీవు, నా దారి. నేను కారుల ముసలోళ్ళ లెక్క కూసోని వచ్చిన. నువ్వు నల్లద్దాలు పెట్టుకొని గోదారి ఒడ్డుకు ఫోటో దిగినవ్. సిగ్గనిపించలేదా అన్నా?"

"దిగిన. అయితే ఏంది?"

"అయితే ఏందా?"

"అయితే ఏంది అంటున్న." వీరేందర్ గొంతు పెరిగింది. పెరిగి, మధ్యలో ఎక్కడో బొంగురుపోయింది. "బాపు నౌకరీ నీకొచ్చింది. క్వార్టర్ నీ పేరు మీదికొచ్చింది. నాకు వయసు దాటిందని పక్కకు పెట్టిన్రు. నేనేమన్న అన్ననా? ఒక్కనాడన్న నిన్ను అన్ననా? పొద్దుగాల దుకాణం షట్టర్ లేపుతే పొద్దుగూకేదాంక మంది పగిలిన ఫోన్లు పట్టుకొని కూసుంట. నిన్న ఒక్క పూట బండి మీద వచ్చిన. ఒక్క పూట నన్నెవ్వలు పిలువలే, నాకేం పని చెప్పలే. గా ఒక్క పూటకు గూడ నీకు జవాబు చెప్పాల్నా నేను?"

దీప మొగుడి వైపు చూసి, చూపు దించుకుంది. ఎల్లేశం గోడకు మరింత ఒదిగాడు, ఆ నౌకరీకి కూతురి పేరు రాసిచ్చింది తానే గనుక.

రమకు ఇంకా పోట్లాడాలనే ఉంది. నోటి చివర మాటలు కూడా ఉన్నాయి. నీకు ఆ ఒక్క పూట ఎంత బాగుందో నాకూ అదే కావాలి గదా అన్నా, అని అనవచ్చు. అనలేకపోయింది. అంటే, మరి నువ్వెందుకు ఆ బెంచీ మీద కూర్చున్నావు అని ఎవరూ అడగరు. ఎవరికీ తెలియదు కాబట్టి అడగరు. కానీ తనకు వినిపిస్తుంది.

"సరే సరే, అన్నాచెల్లెండ్లు, ఇద్దరు ఊకోండ్రి," రఘుపతి గ్లాసు కింద పెట్టాడు. "ఇంట్ల మాటలు ఇంట్లనే. కారు సంగతి ఖాయం చేద్దాం. రేపు పొద్దుగాల..."

"వీరిగా, తాళం తే."

అందరూ తిరిగి చూశారు. కనకవ్వ వంటింటి గడప దాటి వచ్చింది. తడి చేతిని కొంగుకు తుడుచుకుని చాచింది. నిన్నటి నుంచి మూసుకున్న గొంతు కావడం వల్ల కాస్త గరగరమంది.

వీరేందర్ మారు మాట్లాడకుండా జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు.

కనకవ్వ కూతురి ఎదురుగా వచ్చి నిలబడింది. "ఠాణాల నిన్ను కట్టేసిన్రా?"

"ఏందమ్మా?"

"అడిగినదానికి చెప్పు. కట్టేసిన్రా?"

"లేదు."

"బండి తాళం గుంజుకున్నరా?"

"లేదు."

"ఆ పోలీసాయన నాతోని మాట్లాడిండు," అంది కనకవ్వ. "మీ బాపు నీ గొంతు ఇని ఫోన్ నా చేతుల పెట్టి కూలవడ్డడు. పిల్ల మంచిగున్నది అమ్మా, నేను పోనిస్తున్న అన్నడు ఆయన. మంచిది సారూ అన్న. పనిచేసుకుంట మనసుల అనుకున్న, ఇప్పుడు నా బిడ్డ అడవి దాటుతుండొచ్చు. ఇప్పుడు ఏటూరునాగారం దాటుతుండొచ్చు. మీ అన్న పోతే ఉత్తచేతుల వస్తడు అనుకున్న. నవ్వుకున్న గూడ."

రమ నేల వైపు చూస్తోంది.

"పొద్దుగూకినంక నువ్వు కారు దిగినవ్."

"అమ్మా..."

"ఎవ్వలు ఆపలే నిన్ను. నువ్వే ఆగినవ్. ఆగి వచ్చి, నిన్నటి సంది వీళ్ళందరి మీద వడి మొత్తుకుంటున్నవ్. ముసలోన్ని ఏడిపించినవ్. మీ అన్న నోట్లెకెల్లి ఎన్నడు రాని మాట రప్పించినవ్."

రఘుపతి ఏదో అనబోయి, ఇది యూనియన్ ఆఫీసు కాదని గుర్తొచ్చినట్టు ఊరుకున్నాడు.

"భయమైంది అమ్మా," అంది రమ.

ఆ మాట అనడానికి ఆమెకు చాలా కష్టమైంది. వీరేందర్ తలెత్తి చెల్లెలి వైపు చూశాడు. అతని ముఖంలో గెలిచిన కళ ఏమీ లేదు. ఎల్లేశం కళ్ళు మూసుకున్నాడు.

"కాదా మరి. అడవాయె, ఒక్కదానివాయె." కనకవ్వ గొంతు మెత్తబడలేదు. "భయమైతే అయ్యింది, దాంట్ల తప్పేం లేదు. మల్ల పోవుడు నాతోని కాదంటవా, గది చెప్పు. ఈ తాళం నా కాడ పెడత, మల్ల గీ ఇంట్ల ఎవ్వలు దీని ముచ్చట తియ్యరు. నిన్ను ఒక్క మాట అననియ్య. పోత అంటవా, గది చెప్పు. ఎనక కారు రాదు. మీ అన్న రాడు. మీ బాపు ఫోన్ నా కొంగున ముడేసుకుంట, నువ్వు మర్లచ్చేదాంక ఆయనకియ్య. రెండిట్ల ఏదన్న ఒకటి చెప్పు బిడ్డా. మంది మీద మాత్రం పెట్టకు."

"కనకవ్వా," అన్నాడు ఎల్లేశం.

"నువ్వు ఊకో."

ఎల్లేశం ఊరుకున్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పొమ్మననూ లేదు, వద్దననూ లేదు. వీరేందర్ గుమ్మంలోంచి పక్కకు జరిగాడు. దీప కూడా జరిగింది. బయట బండి, బండి సీటు మీద రమ విసిరేసిన గుడ్డ కనిపిస్తున్నాయి.

అడ్డం తప్పుకోండని నిన్నటి నుంచి గొంతు పోయేలా అడిగింది రమ. ఇప్పుడు అందరూ తప్పుకున్నారు. తల్లి తాళంచెవి అరచేతిలో పెట్టుకుని నిలబడింది.

"చెప్పు," అంది కనకవ్వ.

రమ చెయ్యి చాచలేదు. వెనక్కీ జరగలేదు.